మూడో అంతస్తులో మూడింటి క్లాసు

ఉదయం ఆరుంపావుకి కోదాడ బస్టాండులో హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. యాభై ఏడేళ్ళ వయసులో, ఒక్కదాన్నే చేసిన మొదటి ప్రయాణం ఇది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చి, "దిల్‌సుఖ్‌నగర్‌కా? ఎల్బీ నగర్ల దిగి మెట్రో ఎక్కమ్మా, ట్రాఫిక్‌ల పరేషాన్ అయితవ్" అన్నాడు. సరేనన్నాను గానీ మెట్రో ఎలా ఎక్కాలో నాకు తెలియదు.

ఈ ప్రయాణానికి కారణం నాలుగు రోజుల కిందట వచ్చిన ఒక ఫోను. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకి లెక్కలు చెప్పేవారు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారం ఇంటికొచ్చేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. తరవాత ఆ సెంటరు కూడా మూతపడింది. ఆ భవనం కింద జిరాక్స్ షాపు నడిపే శ్రీనివాస్ ఫోన్ చేసి, నెలాఖరుకి బిల్డింగు ఖాళీ చేస్తున్నారని, సారు సామాను పెట్టె ఒకటి ఉందని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పాడు. ఆ తరవాత గొంతు తగ్గించాడు.

"ఇంకో ముచ్చట మేడం. పగటి పూట మూడు గొట్టంగనే మూడో అంతస్తుల సారు గొంతు వినొస్తున్నది. బిల్డింగుకు కాపలా ఉండే యాదమ్మ ఒక్కతే పైకి పోతది. ఆమె ఏదో అంటది, సారు జవాబిస్తడు. ఇద్దరు మాట్లాడుకున్నట్టే ఉంటది. నేనైతే పైకి పోవుడు బంద్ చేసిన."

ఆయన పోయినప్పటినుంచి నేను ఆయన గొంతు వినలేదు. ఆయన ఫోను స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టేశాను. వింటే ఏమైపోతానో అని భయం. భయంతో పాటు కోపం కూడా ఉందని ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఏటీఎం కార్డు ఎలా వాడాలి, గ్యాసు ఎలా బుక్ చెయ్యాలి, కరెంటు పోతే ఏ స్విచ్చి పైకి ఎత్తాలి, ఏది నేర్పమన్నా "నేనున్నాగా" అనేవారు. ప్రేమగానే అనేవారు. ఆయన లేకుండా పోయిన రోజు నుంచి ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండేది.

నార్కట్‌పల్లి దగ్గర ఎనిమిదిన్నరకి టిఫిన్‌కి ఆపారు. రెండు ఇడ్లీ తిని, టీ తాగి వచ్చేసరికి నా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బత్తాయి రైతు. కాయ లారీలో ముందు పోయిందట, తను వెనకాల బస్సులో బాటసింగారం మార్కెట్‌కి పోతున్నాడు.

"ఇదివరకు మార్కెట్ సిటీల ఉండె. గీడికి మారినంక గేటు యాడుందో, చీటీ యాడ రాపియ్యాలెనో, అన్నీ మళ్ళ కొత్తగ నేర్సుకున్న" అన్నాడు. ఈ వయసులో కష్టంగా లేదా అని అడిగాను.

"కష్టమేంది? తెల్వనిది అడుగుడే. పొద్దంత తెల్సినకాడనే తిరిగితె బుర్రకు బూజు వడ్తదమ్మా."

ఆయన బాటసింగారంలో దిగిపోయాడు. పదింపావుకి నేను ఎల్బీ నగర్‌లో దిగాను. నాలాగా మొదటిసారి వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను: మెట్లు ఎక్కగానే కనిపించే టికెట్ మిషన్ని చూసి వెనక్కి తగ్గకండి. నేను తగ్గాను. పది నిమిషాలు స్తంభం పక్కన నిలబడ్డాను. చివరికి పుస్తకాల సంచీ వేసుకున్న ఒక అమ్మాయిని అడిగాను. "తెలుగు అని ఉంది కదాంటీ, అది ఒత్తుండ్రి. మీరే ఒత్తుండ్రి" అని తను చేతులు కట్టుకుని నిలబడింది. నేనే ఒత్తాను. టికెట్ బయటికి వస్తే రెండు చేతులతో పట్టుకున్నాను.

మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. మెయిన్ రోడ్డు మీద చెవులు చిల్లులు పడే రద్దీ. గల్లీలోకి రెండు మలుపులు తిరిగేసరికి ఎవరో తలుపు మూసినట్టు చప్పుడంతా ఆగిపోయింది. హాస్టళ్ళ బోర్డులు, వాటి మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు ఎండకి వెలిసిపోయి, ముఖాల్లో కళ్ళు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ భవనానికి నాలుగంతస్తులు. పై మూడింటికీ కిటికీలు మూసి ఉన్నాయి.

శ్రీనివాస్ నాకు కుర్చీ వేసి, మధ్యాహ్నం మెస్ నుంచి భోజనం తెప్పించాడు. పెట్టె ఇచ్చాడు. అందులో ఆయన కళ్ళజోడు, రెండు చొక్కాలు, ఎర్ర ఇంకు పెన్నులు. "పైకి పోకుండ్రి మేడం, తీస్కొని పోండ్రి" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ మూడు కొట్టింది. పైనుంచి, మెట్ల సందులోంచి, ఆయన దగ్గు వినిపించింది. పాఠం మొదలుపెట్టే ముందు దగ్గే దగ్గు. ఇంట్లో పేపరు చదివే ముందూ అలాగే దగ్గేవారు.

మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. గోడ పట్టుకుని ఎక్కాను, అరచేతులు సున్నంతో తెల్లబడ్డాయి. రెండో అంతస్తు దాటాక మాట స్పష్టంగా వినిపించింది.

"అర్థమైందా?"

నిశ్శబ్దం. తరవాత ఒక ఆడగొంతు: "కాలే సారూ."

"కాలేదా? పర్లేదు. మళ్ళీ చెప్తాను."

ఆ మెట్టు మీదే ఆగిపోయాను. ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళు నేను వినని ఓపిక ఆ గొంతులో ఉంది.

తలుపు ఓరగా ఉంది. లోపల వందమంది పట్టే హాలు. వరసగా బెంచీలు, వాటి మీద దుమ్ము. మొదటి బెంచీ ఒక్కటే తుడిచి ఉంది. అక్కడ యాభై ఏళ్ళావిడ, చీర కొంగు నడుముకు దోపుకుని, ఒళ్ళో పలకతో కూర్చుంది. గోడకున్న పెద్ద టీవీలో మా ఆయన. నీలం గీతల చొక్కా. వెనక ఇదే బోర్డు, ఇవే గోడలు. లాక్‌డౌన్‌లో పిల్లలు లేని క్లాసులో నిలబడి కెమెరాకి చెప్పిన పాఠాలు, టీవీకి తగిలించిన డిస్కులోంచి వస్తున్నాయి. ప్రశ్న అడిగి, ఇళ్ళల్లో ఉన్న పిల్లలు జవాబు చెప్పుకునేంతసేపు ఆగేవారు.

ఆయన అలా ఆగినప్పుడల్లా ఈవిడ జవాబిస్తోంది. సంగతి తెలిసింది గానీ భయం పోలేదు. చప్పుడు చెయ్యకుండా చివరి బెంచీలో కూర్చున్నాను.

టీవీలో ఆయన బోర్డు తుడిచి ఇటు తిరిగారు. "వెనక కూర్చున్నవాళ్ళు ముందుకి రండి. అక్కడికి కనపడదు" అన్నారు.

యాదమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నన్ను చూసి పలక గుండెకి అదుముకుంది. నేనెవరో చెప్పాను. ఆవిడ టీవీ వంక చూసి, నా వంక చూసి, "గీ పాఠం పదిసార్లు ఇన్న అమ్మా. గీ మాట ఇన్నట్టు యాదికి లేదు" అంది. తన బెంచీలోనే పక్కకి జరిగి చోటిస్తే, నేను ముందుకెళ్ళి కూర్చున్నాను.

యాదమ్మది నల్లగొండ దగ్గర పల్లె. భర్త లేడు, ఈ బిల్డింగులోనే కాపలా. "దుమ్ము దులుపుతుంటె ఏదో మీట తాకింది, సారు కనవడ్డడు. కిందికి ఉరికిన. రెండు దినాలు జెరమొచ్చింది. మూడోనాడు మనసు ఊకోక మళ్ళ ఒచ్చిన. సారు అర్థమైందా అర్థమైందా అని అడుగుతనే ఉన్నడు, ఒక్కలన్న జవాబియ్యరాయె. పాపమనిపించి కాలేదు సారూ అన్న. మళ్ళ చెప్పిండు. గంతే, ఇగ రోజు ఒస్తున్న."

అంకెలు ఆవిడకి బస్సు నంబర్ల వల్ల తెలుసు. మిగతాదంతా ఈ హాల్లోనే నేర్చుకుంది.

"డాబా మీది ట్యాంకు నిండిందో లేదో అని దినాం నాలుగు అంతస్తులు ఎక్కి దిగుతుంటి. సారు కుళాయిల లెక్క చెప్పిండు. బోరు మోటరుకు తొంబై నిమిషాలు, నల్లా నీళ్ళ మోటరుకు నలబై అయిదు. రెండు ఏస్తె ముప్పై. లెక్క గట్టి గడియారం వట్టుకొని కూసున్న. సరిగ్గ ముప్పైకే నిండింది అమ్మా!" ఆ ముఖంలో వెలుగు చూసి నాకు అసూయ కలిగింది. దాచను. నాకు దక్కాల్సింది ఈవిడకి దక్కింది అనిపించింది. ఆ డిస్కు పీక్కుని వెళ్ళిపోదామనుకున్నాను.

అంతలో టీవీలోంచి ఆయన అడిగారు. "ఒక కుళాయి తొట్టిని గంటలో నింపుతుంది. ఇంకోటి రెండు గంటల్లో. రెండూ విప్పితే ఎంతసేపు?"

నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "గంటన్నర."

"గంటన్నర అన్నదెవరు?" అన్నారాయన, నా వైపే చూస్తూ.

బెంచీలో వెనక్కి ఒదిగాను. యాదమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "భయపడకు. మొదటిపారి నేను గూడ గదే అన్న. అందరు గదే అంటరంట."

"రెండు చేతులు కలిస్తే పని తొందరగా అవ్వాలా, ఆలస్యమవ్వాలా? ఆలోచించు. తొందరేం లేదు" అన్నారు ఆయన.

ఆలోచించాను. యాదమ్మ పలక ఇచ్చింది. రెండుసార్లు తప్పు వేశాను. మూడోసారి నలభై నిమిషాలు వచ్చింది. వచ్చాక ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఆయన మీద కోపం పోయిందా అంటే, అంతా పోలేదు. కానీ ఇన్నాళ్ళూ మోసిన బరువులో ఒక మూల ఖాళీ అయింది. రెండేళ్ళలో నాకు సంతోషం అనిపించిన మొదటి ఘడియ అదే.

డిస్కు తీసుకుపోలేదు. శ్రీనివాస్ బిక్కుబిక్కుమంటూ పైకొచ్చి, విషయం తెలిసి, తలకొట్టుకుని, పాఠాలన్నీ నా ఫోన్లోకి ఎక్కించాడు. డిస్కు యాదమ్మ దగ్గరే ఉంటుంది. వచ్చే నెల నుంచి ఆవిడకి మీర్‌పేట్‌లో ఒక అపార్టుమెంటులో కాపలా పని, గదిలో టీవీ ఉందట.

ఐదున్నరకి ఎల్బీ నగర్‌లో కోదాడ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. హయత్‌నగర్ దాటేసరికి చీకటి పడుతోంది. హైదరాబాదులో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే, చూపించదగ్గ చోటేదీ నేను చెప్పలేను. ఒక మూతపడిన హాల్లో చచ్చిపోయిన మనిషి పాఠం చెబుతుంటే వెన్ను జలదరిస్తూనే నేర్చుకున్నాను. భయమూ ఆనందమూ ఒకే బెంచీలో కూర్చోగలవని అక్కడే తెలిసింది.

చౌటుప్పల్ దగ్గర పక్క సీటావిడ నా ఒళ్ళో పెట్టె చూసి, "ఏం పనిమీద పోయినవ్ అక్కా పట్నం?" అంది.

"చదువుకోడానికి" అన్నాను.

ఆవిడ నా నెరిసిన జుట్టు వంక చూసి, నవ్వుతున్నానేమోనని ముఖంలోకి చూసింది. నేను నవ్వడం లేదు.