తాళాలక్క గదిలో రెండో మనిషి

మా ప్రార్థన మందిరం వెనక, నీళ్ల ట్యాంకును ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు బట్టలు తగిలించుకోవడానికి మూడు మేకులు. తాళాలక్క పంతొమ్మిదేళ్లు ఆ గదిలోనే బతికింది. మందిరం ఊడ్చేది, బెంచీలు తుడిచేది, ప్రభువు బల్లనాడు ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులను ఒక్కొక్కటిగా వేడినీళ్లలో కడిగి బోర్లించేది. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ తాళాలక్కే. పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు.

"దేవుడింటి కోడల్ని నేను. అత్త పోరు లేదు, ఆడపడుచు పోరు లేదు. చాకిరీ మాత్రం కోడలిదే" అని నవ్వేది.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మందిరం మెట్ల మీదకు ఒక ముసలావిడ వచ్చి చేరింది. వెంట ఐదు మూటలు, కుడికాలికి పుండు. స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మిషను తొక్కిందట. చూపు మందగించగానే రావద్దన్నారట. అద్దెకున్న పాత భవనాన్ని కూల్చేశారట. ఇదంతా ఆమె ఎవరికీ వరసగా చెప్పలేదు. తిట్ల మధ్య తునకలు తునకలుగా బయటపడ్డ సంగతులివి. గొడుగు మడిచి లోపలికి వెళ్లేవాళ్లను తిట్టేది, పలకరించిన వాళ్లను తిట్టేది, పలకరించని వాళ్లను ఇంకాస్త ఎక్కువ తిట్టేది. మా పిల్లలు ఆమెకు మూటలమ్మ అని పేరు పెట్టారు.

మొదటి రోజే తాళాలక్క టీ పట్టుకెళ్లింది.

"తాగండమ్మా, వేడిగా ఉంది."

"ఎవడిక్కావాలి నీ టీ? పుణ్యం మూటగట్టుకోడానికి నేనే దొరికానా?"

"మూటలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదమ్మా, నాకెక్కడివి?"

ముసలావిడ ఒక్క క్షణం తెల్లబోయింది. టీ తాగింది. తాగాక గ్లాసు విసిరికొట్టింది.

మూడో రోజు తాళాలక్క గోరువెచ్చని నీళ్లు, పాత గుడ్డలు తెచ్చి మెట్ల మీద కూర్చుని ఆ పుండు కడిగింది. కడుగుతుండగానే మూటలమ్మ ఆ కాలితోనే ఒక్క తన్ను తన్నింది. గిన్నె దొర్లి తాళాలక్క బట్టలన్నీ తడిసిపోయాయి. లేచి వెళ్లి మళ్లీ నీళ్లు కాచుకొచ్చింది. నేను అప్పుడు పాటల సాధనకు వెళ్తూ పక్కనుంచే నడిచాను. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్న సంగతి కూడా దాచను.

రెండో ఆదివారానికే గొణుగుడు మొదలైంది. మా సంఘ పెద్ద రిటైరైన హెడ్మాస్టరు, మాట ఖచ్చితంగా ఉండే మనిషి. పాస్టరుగారేమో ముప్పై దాటని కుర్రాడు, మెత్తని మనిషి.

"గుమ్మంలోనే ఈ కంపు ఉంటే కొత్తవాళ్లెవరొస్తారయ్యగారూ?" అన్నాడు పెద్ద.

"చూద్దామండీ" అన్నారు పాస్టరుగారు.

ఆ రోజు ఆయన ప్రసంగం పొరుగువాణ్ణి ప్రేమించడం గురించే. అయిపోయాక అందరం చెయ్యి కలిపి, చాలా బాగా చెప్పారన్నాం. వారం తిరక్కుండా మెట్లకు అడ్డంగా ఇనుప గేటు వచ్చింది.

గేటు తాళంచెవి పెద్దే స్వయంగా తాళాలక్క చేతిలో పెట్టాడు.

"సాయంత్రం ఆరాధన కాగానే వేసెయ్."

"మరి ఆవిడ ఎక్కడికి పోతుందండీ?"

"ఊరు గొడ్డుపోయిందా? ఇది మందిరమమ్మా, సత్రం కాదు."

తాళాలక్క ఆ తాళంచెవిని గుత్తిలో వేసుకుంది. ఆ సాయంత్రం ముందు మూటలమ్మను లేవదీసి, భుజం పట్టుకుని తన గదికి నడిపించుకుపోయింది. ఒక్కో మూటా మోసుకుంటూ ఐదుసార్లు తిరిగింది. ఆ తర్వాత వచ్చి, చెప్పినట్టే గేటుకు తాళం వేసింది. మంచం ఆమెకిచ్చి తను నేలమీద పడుకుంది.

పదకొండు రోజులు గడిచాయి. మూటలమ్మ పక్క తడిపేది. పెట్టింది తిని, విషం పెట్టావని అరిచేది. ఒకరోజు తాళాలక్క మందిరం ఊడ్చి వచ్చేసరికి తన బైబిలు నీళ్ల బకెట్లో తేలుతోంది. అక్క దాన్ని కిటికీ దగ్గర పెట్టి, పేజీకి పేజీ విడదీసి ఆరబెట్టుకుంది.

విషయం తెలిసి సంఘం కమిటీ కూర్చుంది. తొమ్మిది మందిమి. నేను కార్యదర్శిని, జరిగింది రాసుకోవడం నా పని.

"ఆవిడైనా వెళ్లాలి, లేదా ఇద్దరూ వెళ్లాలి. సరేనన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నాడు పెద్ద.

నేనూ ఎత్తాను. ఎత్తేముందు పక్కవాళ్ల వైపు చూశాను. వాళ్లు నా వైపు చూస్తున్నారు. పాస్టరుగారు చెయ్యెత్తలేదు, నోరూ విప్పలేదు.

తాళాలక్క ఎవర్నీ బతిమాలలేదు. ముసలావిడను తీసుకుని చెల్లెలింటికి వెళ్లింది.

"నువ్వు రా అక్కా, నీ ఇల్లే అనుకో. ఆ మనిషిని మాత్రం గడప తొక్కనివ్వను. మా ఆయన చూశాడంటే నన్నూ బయటికి గెంటుతాడు" అంది చెల్లెలు, తలుపు సగమే తీసి.

నిలువనీడ లేనివాళ్లకోసం నడిపే ఆడవాళ్ల వసతికి వెళ్తే, తనంతట తను లేచి తిరగలేని మనిషిని చేర్చుకోవడం కుదరదన్నారు. మూడు రోజులు ఇద్దరూ బస్టాపు రేకుల కింద ఉన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున మూటలమ్మకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆసుపత్రిలో మంచం దొరకలేదు. వరండాలో దుప్పటి పరిచి పడుకోబెట్టారు. పొద్దున పదింటికి, నర్సు పక్క రోగికి సెలైను మారుస్తుండగా ప్రాణం పోయింది. ఆఖరున తాళాలక్క ఆమె గుండెమీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టిందట.

"చెయ్యి తియ్. బరువుగా ఉంది" అందట మూటలమ్మ. అంతే.

మా సంఘం సభ్యురాలు కాదు కాబట్టి మా శ్మశానంలో చోటు లేదన్నాడు పెద్ద. మునిసిపాలిటీ వాళ్లే పూడ్చారు. తాళాలక్క ఒక్కతే వెంట వెళ్లింది. మట్టి కప్పుతుండగా పాస్టరుగారు ఎవరికీ చెప్పకుండా వచ్చి పుస్తకం తెరిచారు.

"ఇప్పుడెందుకయ్యగారూ?" అంది అక్క.

ఆయన పుస్తకం మూసి, అక్కడే నిలబడి ఏడ్చారు. ఆవిడ ఆయన్ను దాటుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలు నాకు అన్నం సహించలేదు. చివరికి వెతుక్కుంటూ వెళితే, అప్పుడు వాళ్లను కాదన్న ఆ వసతిలోనే కనిపించింది. పెద్ద హాలు, వరసగా నలభై పరుపులు. మనిషి సగమైపోయింది. గోడవార మెట్టుమీద ఇద్దరం కూర్చున్నాం. జరిగిందంతా అక్కడే చెప్పింది.

"అక్కా, అంత ప్రేమ నీకెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాను.

"ప్రేమేంటి చెల్లీ? బస్టాపులో మూడోరోజు, ఈ ముసల్ది పోతే బాగుండునని అనుకున్నాను. మర్నాడే పోయింది. అది ఎవరితో చెప్పుకోను?"

"ప్రార్థన చేసుకుంటున్నావా?" అని అడిగాను.

"కూర్చుంటాను. మాట రాదు. అవతల ఆయనకీ రావట్లేదేమో, ఇద్దరం ఊరికే ఉంటాం."

"నేనూ చెయ్యెత్తానక్కా ఆ రోజు. నన్ను క్షమించు."

"తెలుసు. కిటికీలోంచి చూశాను" అంది. కోపంగా కాదు. టైమెంతయిందో చెప్పినట్టు అంది. మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. ఎన్నాళ్లకని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ కాస్త ఆలస్యం ఆవిడ గమనించింది.

లోపల ఎవరో పేర్లు పిలుస్తున్నారు.

"వెళ్లాలి చెల్లీ. వరసలో లేకపోతే నా పరుపు ఇంకొకరికి ఇచ్చేస్తారు" అని మోకాళ్లమీద చేతులు ఊని లేచి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.