కొనదేలిన వాకిలి

మొన్న మా దీవిలో బెల్ ఎయిర్ దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి నడుచుకుంటూ మా ఊరి కోవెలకు చేరేసరికి, చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ కొనదేలిన నల్లరాతి వాకిలి లేదు. దాని చోట, ఇండియా నుంచి రప్పించిన శిల్పులు కట్టిన రంగురంగుల గోపురం ఉంది. అందరూ చేతులెత్తి మొక్కుతుంటే నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పాతదాన్ని ఎందుకు పడగొట్టారని అడిగితే, అది చర్చిలా ఉండేదట!

ఉండదా మరి? కట్టింది మా చిన్నాన్న. మా రాజధాని పోర్ట్ లూయీలో ఒక రాజు పేరున వెలిసి, దెబ్బతిన్నప్పుడల్లా మళ్ళీ లేస్తూ వచ్చిన పెద్ద చర్చి నా వయసువాళ్ళకు తెలిసే ఉంటుంది. మా చిన్నతనంలో దాన్ని మరోసారి కడుతుంటే ఆయన అక్కడ రాతిపని నేర్చుకున్నాడు. ఇంటికొస్తే అవే కబుర్లు: కమానులు రెండు వైపుల నుంచీ లేచి పైన కొన దగ్గర కలుస్తాయనీ, కప్పు బరువంతా వాటి మీదుగా స్తంభాల్లోకి దిగుతుందనీ, గోడలు పక్కకు ఒరగకుండా బయట నుంచి రాతికట్టడం ఆనిస్తారనీ, అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవాడు.

అలాంటి మనిషికి మావాళ్ళు రాములవారి కోవెల అప్పగించారు. ఊళ్ళో గోపురమంటూ చూసింది మా నాయనమ్మ ఒక్కతే, అదీ ఇండియాలో, ఈ దీవికి ఓడ ఎక్కకముందు, పసితనంలో. ఆవిడ చేతులు గాలిలో తిప్పుతూ వర్ణించేది, చిన్నాన్న తల ఊపేవాడు, చివరికి తనకు చేతనైనదే కట్టాడు. మొదటి దీపం మాత్రం తన తల్లే పెట్టాలని ఆయన పట్టుదల.

దీపం పట్టుకుని వచ్చిన నాయనమ్మ వాకిట్లో తలెత్తి చూసి ఆగిపోయింది. చర్చికి మా దీవిలో వాడే మాటతోనే, "ఇది లెగ్లీజ్ రా, నాయనా. నాను రాను," అంది. దీపం గడప బయటే పెట్టేసింది. బతికినన్నాళ్ళూ ఆ గడప దాటలేదు. ఎండైనా వానైనా బయటే నిలబడి భజన పాడి, ప్రసాదం అక్కడికే తెప్పించుకునేది. చిన్నాన్న మళ్ళీ ఆ చర్చి ఊసెత్తలేదు. ఎంత మొండితనం! కన్నకొడుకు చేతిపని కదా, ఒక్కసారి లోపలికి వెళ్తే ఏం పోయేది? ఆవిడ మీద కోపం నాకు ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

ఇప్పుడు ఆవిడ కోరుకున్న గోపురమే వచ్చింది, చూడటానికి ఆవిడా లేదు, బాధపడటానికి చిన్నాన్నా లేడు. లోపల అదే రాముడు, అదే భజన. మనవలు చెయ్యి పట్టుకుని లాగారు. కాళ్ళ నొప్పులని చెప్పి గడప బయటే నిలబడిపోయాను. నా ప్రసాదం అక్కడికే తెచ్చి ఇచ్చారు.