లేని పుస్తకం, ఎర్రయ్య మాట

పద్నాలుగేళ్లుగా ఒక పుస్తకాన్ని మోస్తున్నాను. అది ఏ లైబ్రరీలోనూ లేదు. పుట్టించింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అనగలుగుతున్నాను.

అప్పుడు విశాఖలో ఎం.ఎ. చదువుతున్నాను. మాది పద్మనాభం వైపు. వరిచేలు తప్ప సముద్రం సంగతి తెలియదు. చేపల వేట మీద ప్రాజెక్టు రాయాలని దగ్గర్లోని జాలర్ల ఊరు యారాడ వెళ్తే, ముసలి జాలరి ఎర్రయ్య తాత దొరికాడు. నీళ్ల అడుగున చేపలు చేరే రాతి తావుల్ని జాలర్లు ఒడ్డునున్న కొండలు చూసి పట్టుకుంటారు. ఫలానా కొండ కొన లైట్‌హౌస్ వెనక్కి వచ్చి, ఇటు రెండు కొండల మధ్య సందు మూసుకుపోతే, పడవ సరిగ్గా తావు మీద ఉన్నట్టు. ఈ గుర్తులు తండ్రి కొడుక్కే చెబుతాడు. తాతకు కొడుకుల్లేరు. వల బాగుచేసుకుంటూ నాలుగు ఆదివారాలు నాకు చెప్పాడు. చివరి రోజు నా నోట్‌బుక్ మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇందల నా పేరుంటాదా అమ్మా?"

"ఉంటాది తాతా. నాను రాత్తాను కదా."

రాయలేదు. నోటిమాట ఆధారం కాదు, పుస్తకం చూపించమన్నారు మా గైడు. వారం రోజులు లైబ్రరీలో వెతికాను. ఎక్కడుంటుంది, రాసినవాళ్లెవరు? గడువు ముంచుకొచ్చింది. తాత మాటలకు ఆధారంగా ఒక పుస్తకం పేరును, ఒక రచయితను, ఒక సంవత్సరాన్ని, మద్రాసులో ఒక ప్రెస్సును కల్పించి ఆధార గ్రంథాల జాబితాలో పెట్టాను. గైడుగారు టిక్కు పెట్టేశారు. భయమా అది, బద్ధకమా? లేక చదువుకున్నవాళ్ల పేర్ల మధ్య వేలిముద్ర వేసే మనిషి పేరు పెట్టడానికి నామోషీ పడ్డానా? చివరిదే నిజమనుకుంటాను, ఎందుకంటే అది తలుచుకున్నప్పుడే నా మొహం వేడెక్కుతుంది.

తాత పోయాడని తర్వాత తెలిసింది. వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఇప్పుడు నేనే కాలేజీలో పాఠం చెబుతున్నాను, ఆధారాలు ఎలా వెతకాలో, ఎలా చూపాలో. మొన్న ఒక విద్యార్థిని వ్యాసం తెచ్చింది. జాబితాలో మూడోది నేను పుట్టించిన పుస్తకమే. నా ప్రాజెక్టు చూసి ఎవరో రాస్తే, వాళ్లది చూసి ఈ పిల్ల రాసింది. అసలు పుస్తకం కోసం ఊరంతా తిరిగానని, ఎక్కడా దొరకలేదని నొచ్చుకుంది. నేను చూస్తానులే అన్నాను. నమ్మి వెళ్లిపోయింది.

రేపు మళ్లీ వస్తుంది. ఆమెకు చెప్పగలనో లేదో తెలియదు, అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఆ పుస్తకం లేదు. ఆ మాటలన్నీ యారాడ ఎర్రయ్యవి. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు.