బాబాయి తప్పటడుగులు

హుషారైన పాట ఎక్కడ వినిపించినా మా బాబాయి లేచి డ్యాన్సు చేస్తాడు. చిక్కు అది కాదు. ఆయన కాలు తాళంలో ఒక్కసారి కూడా పడదు. పాట ఒక దారి, ఆయన ఒక దారి. పాట అయిపోయినా ఆయన మిగిలిపోయిన అడుగులు వేసి గాని కూర్చోడు.

ఒకసారి పంటి డాక్టరు దగ్గర అందరూ దవడలు పట్టుకుని కూర్చున్నారు. పక్క కొట్టు రేడియోలో పాట మొదలైంది. బాబాయి వాచిన బుగ్గతోనే లేచి రెండు చేతులూ గాల్లోకి విసిరాడు. నవ్వితే నొప్పి, నవ్వకపోతే అంతకన్నా నొప్పి అని జనం మెలికలు తిరిగిపోయారు. పిన్ని పక్కావిడ వైపు తిరిగి, ఆ మనిషి తాలూకు వాళ్లెవరో గాని పాపం చాలా ఓపికమంతులండీ అంది.

ఈ పరువు తక్కువ పనులెందుకని నేనే ఒకసారి అడిగాను.

"మనసుకి నచ్చజెప్పబోతే ఎదురు వాదిస్తుందిరా. కాలు అలా కాదు, అమాయకపుది. దరువు వినపడగానే కదులుతుంది. కాలు వెళ్లిపోయాక మనసు ఒక్కతే కూర్చుని ఏం ఏడుస్తుంది? పైగా తరవాతి దెబ్బ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడ్డంతోనే దానికి సరిపోతుంది."

సిద్ధాంతం బాగానే ఉంది. ఆయన కాళ్లే దానికి పెద్ద శత్రువులని నా అభిప్రాయం.

మా అక్క స్కూలు పిల్లలకి డ్యాన్సు నేర్పేది. స్కూటరు మీంచి పడి ఎడమకాలు విరిగింది. ఎముక అతుక్కుంది గాని నడకలో కాస్త కుంటు మిగిలింది. కాలు ఎంత ఆడిస్తే అంత బాగుపడుతుందని డాక్టరు చెప్పాడు. అక్క ఉద్యోగం మానేసి, నలుగురిలోకి రావడం మానేసి, ఇంట్లో పాట పెడితే కట్టేయడం మొదలుపెట్టింది. అందరూ నా కాలే చూస్తారు అనేది. అమ్మకి అదే బెంగ.

మా మేనత్త రిటైరైన రోజు విందుకి అమ్మ అక్కని ఎలాగో బతిమాలి తీసుకొచ్చింది. అక్క గోడవారగా, కాళ్లు కుర్చీ కిందకి లాక్కుని కూర్చుంది. పాట పెట్టారు. బాబాయి బయల్దేరాడు. ఆ రోజు ఆయన తనని తానే మించిపోయాడు. దరువుకి ముందో వెనకో పడే కాలు సరాసరి అక్క కుర్చీ ముందుకొచ్చి పడింది. అక్కడే పడింది, మళ్లీ పడింది.

అక్క పళ్లు బిగబట్టింది. అన్నం మానేయగలదేమో గాని తప్పు తాళం చూసి ఊరుకోలేదు.

"అలా కాదు బాబాయ్. దరువు విను."

"వింటూనే ఉన్నానమ్మా."

"ఏం వింటున్నావు నా మొహం. ఇలా చూడు."

లేచింది. అడుగు వేసి చూపించింది. మధ్యలో ఎడమకాలు తడబడింది. సరిగ్గా అప్పుడే బాబాయి బల్ల మీది గుడ్డలో చిక్కుకుని మంచినీళ్ల గ్లాసులన్నీ దొర్లించాడు. హాలంతా ఆయన్నే చూసి నవ్వుతోంది. అక్క కాలు చూసింది అమ్మా నేనూ మాత్రమే. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అక్క మాత్రం, ఈయన్ని ఇలా వదిలేస్తే వంశానికే అప్రతిష్ట అని తీర్మానించి, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం బాబాయి ఇంటికి నడిచి వెళ్లి పాఠం చెప్పసాగింది.

కొన్నాళ్లకి పిన్ని ఇచ్చిన క్యారేజీ పట్టుకుని బాబాయి పనిచేసే అచ్చాఫీసుకి వెళ్లాను. ఆయన కాలితో తొక్కే అచ్చు మిషను మీద ఉన్నాడు. అది నోరు తెరిచినప్పుడు ఒక చేత్తో కాగితం పెట్టాలి, రెండో చేత్తో అచ్చయింది తీయాలి. క్షణం ఆలస్యమైతే వేళ్లు నుజ్జు. పక్కనే టేప్‌రికార్డర్‌లో దుమ్ములేపే పాట. తొక్కే కాలు, కాగితం పెట్టే చెయ్యి, తీసే చెయ్యి, ఊగే నడుము అన్నీ పాటతోనే ఉన్నాయి. అంత అందంగా ఆడే మనిషిని మా వంశంలోనే చూడలేదు.

"బాబాయ్, నీకు తాళం వచ్చా?"

మిషను ఆపి ముందు గుమ్మం వైపు చూశాడు. "రాకపోతే ఈ వేళ్లు ఉండేవా?"

"మరి ఇన్నాళ్లూ?"

"బాగా ఆడేవాడు లేస్తే జనం చూస్తూ కూర్చుంటారురా. నాలాంటివాడు లేస్తే, వీడికన్నా మనమే నయం అని లేస్తారు."

పిన్నికి తెలుసా అన్నాను. తెలిస్తే సరిగ్గా ఆడమని ప్రాణం తీస్తుంది, నోరు మూసుకో అన్నాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది గాని ఒళ్లంతా సిరా.

ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడొక ఇబ్బంది వచ్చిపడింది. నా కుడికాలు దారిలో పడిందని నిన్న మీ అక్క తెగ సంబరపడింది. నాకు వచ్చేసిందనుకుంటే పాఠం మానేస్తుంది. దాని కాలు ఇప్పుడిప్పుడే సాగుతోంది. అందుకని ఎడమకాలితో కొత్త తప్పొకటి కనిపెట్టాను. సహజంగా ఉందో లేదో చూసి చెప్పు."

కాగితపు కట్టల మధ్య ఆడి చూపించాడు. నేను క్యారేజీ కింద పెట్టి, చేతులు కట్టుకుని శ్రద్ధగా చూశాను.

"కాస్త అందం వస్తోంది బాబాయ్. ఇంకొంచెం చెడగొట్టు."


ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు.