మందు సంచి

నాచారంల డ్యూటీ దిగి, ఉప్పల్ బస్టాప్‌ల కూసున్న. నా పక్కన ఒకాయన ప్లాస్టిక్ సంచి ఒళ్లె పెట్టుకొని ఫోన్ మాట్లాడుతుండు. ఇంటామెతోని కావచ్చు.

"మందు దొరికింది. ఇగ మనకు వేరే దారి లేదు. నేనొచ్చినంక కలుపుత. నువ్వు ఏడ్వకు."

మా దిక్కు జరమొస్తె మింగేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే. ఆ మాట ఇంటే నాకు మాత్రం రెండోదే యాదికొస్తది.

గప్పుడే ఘట్‌కేసర్ బస్సొచ్చింది. ఆయన లేసిండు. నేను ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్న.

"అన్నా, ఆ సంచి నాకియ్యి. ఏ కష్టమున్నా సరే, ఇంట్ల పిల్లలుంటరు గదనే!"

ఆయన బిత్తరపోయి నన్ను సూసిండు.

"ఏందనుకున్నవ్ తమ్మీ? ఇది కోళ్ల మందు. మక్కలు పిరమైనయి. కొనలేక తౌడు, పొద్దుతిరుగుడు చెక్క పెడ్తున్న. కోళ్లకు అరుగుతలేవు. గీ ఎంజైమ్ పొడి దాణల కలిపితే అరుగుతయంట. గిది గూడ పనిజెయ్యకుంటే షెడ్డు మూసుడే."

అంతా ఇన్న. అయినా నా చెయ్యి ఇడుస్తలేదు.

కండక్టర్ రమ్మని అరుస్తుండు. ఆయన బస్సు దిక్కు సూడలే.

"మీ ఇంట్ల ఎవరు తాగిండ్రు?" అని మెల్లగ అడిగిండు.

"మా అన్న."

బస్సు ఎల్లిపోయింది. ఆయన మళ్ల నా పక్కన కూసోని, సంచి నా ఒళ్లె పెట్టిండు.

"ఇంకో బస్సొచ్చేదాంక నువ్వే పట్టుకో."

ఆ సంచి గంత అల్కగ ఉంటదనుకోలే.