ప్రార్థన చీటీలో నా పేరు

మూడేళ్ల కిందట నెల్లూరు నుంచి గూడూరు వెళ్లే బస్సులో, పక్క సీట్లో ఉన్నామె నా చేతిలోని కాగితాలు చూసి ఏం పని చేస్తారని అడిగింది. క్యాన్సర్ కణాల డీఎన్ఏలో అక్కడక్కడా నాలుగు పోగుల ముడి పడుతుందనీ, దాన్ని విడిపోకుండా పట్టి ఉంచి ఆ కణాలను చంపే రాగి మందు చేస్తున్నామనీ గొప్పగా చెప్పాను.

"మా ఆయనకి పేగులో క్యాన్సరన్నా. ఆ మందు ఎప్పటికొస్తాది?"

"తొందర్లోనే," అన్నాను. అది ఇంకా ఎలుకల దాకా కూడా రాలేదని చెప్పలేదు.

ఆమె బైబిల్లోంచి ప్రార్థన మనవుల చీటీ తీసి, భర్త పేరు కింద నా పేరు అడిగి రాసుకుంది.

"ఆదివారం చర్చిలో అందరం మీ కోసం ప్రార్థన చేస్తామన్నా," అంటూ చిల్లకూరులో దిగిపోయింది.

మంచి కణాలనూ చంపుతోందని ఆ మందును పోయినేడు వదిలేశాం. ఈపాటికి ఆ చీటీలో ఆయన పేరు కొట్టేసి ఉంటారేమో. నా పేరు మాత్రం ఇంకా చదువుతూనే ఉంటారని నా భయం.