రాజుగారి జీపు, వీరబాబు పంతం

వీరబాబు పనిమంతుడని కొత్తపేటలో అందరూ అంటారు. నేనూ అంటాను. అతను పనిచేసిన మెకానిక్ షెడ్డు పక్కనే నా లేతు మిషను. అతనున్నన్నాళ్ళూ గోడ ఇవతల కూర్చుని అతని నోరు విన్నవాణ్ణి. పని వచ్చు, మనిషితనమే రాదు. ఎదుటివాడి మాట నెగ్గిందంటే ఆ పూట అతనికి అన్నం సయించదు.

షెడ్డులో రెండో వాటాదారు ప్రకాశరావు, వీరబాబుకు తోడల్లుడు. అక్క వీరదుర్గను వీరబాబు, చెల్లెలు భూలక్ష్మిని ప్రకాశరావు చేసుకున్నారు. మామగారి స్థలంలో వేసిన షెడ్డు కాబట్టి కలిసి పనిచేయక తప్పలేదు.

2003లో మా ఊరి మోతుబరి వెంకటరాజు గారు సూపర్‌చార్జర్ ఉన్న పాత జపాను ఇంజనొకటి మద్రాసు నుంచి తెప్పించి, తన జీపుకు బిగించమన్నారు. సూపర్‌చార్జరంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. కుక్కితే గాలి కాగుతుంది. కాగిన గాలి లోపలికి పోతే ఇంజను కొట్టుకుని చస్తుంది. అందుకని మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని చల్లార్చాలి. అది ఎక్కడ పెట్టాలన్నదే తగువు.

బంపరు వెనక, ఎదురుగాలి తగిలేలా పెడదామన్నాడు ప్రకాశరావు. "పంపూ, నీళ్ళూ ఉండవండి. పాడవడానికేం లేదండి."

"మినప పొట్టుంది," అన్నాడు వీరబాబు.

నిజమే. మా వైపు రైతులు పీకిన మినప చెట్లను తారు రోడ్డు మీద పరిచి, వచ్చే పోయే బళ్ళ చేత తొక్కిస్తారు. ఆ పొట్టు లేచి ముందున్న దేన్నయినా పూడ్చేస్తుంది. కాబట్టి నీళ్ళతో చల్లార్చే కూలర్‌ను ఇంజను పక్కన పెట్టి, ఆ నీళ్ళ కోసం చిన్న రేడియేటర్ని ఫ్యానుతో సహా జీపు వెనక ఎత్తున బిగించాలన్నాడు. అంతటితో ఊరుకుంటే వీరబాబు ఎందుకవుతాడు?

"బుర్రున్నోడెవడూ ముందర పెట్టడండి. మా తోడల్లుడు పెడతాడు," అన్నాడు రాజుగారి ఎదుటే. ఆ వెటకారం రాజుగారికి నచ్చలేదు. ముందరే పెట్టమన్నారు.

ప్రకాశరావు మంచికే పోయాడు. "అన్నయ్యగారూ, పొట్టు సంగతి మీరన్నది నిజమేనండి. కిటికీలకి కొట్టే దోమల మెష్ ముక్క ముందర కడదామండి. కళ్ళాలు దాటేక చేత్తో దులుపుకోవచ్చు."

"అక్కర్లేదు. నీ గాలే చాలన్నావుగా. చూద్దాం."

క్యారేజీ పట్టుకొచ్చిన వీరదుర్గ గుమ్మంలోనే ఉంది. పెద్దవాడి మాట కాదనలేక ప్రకాశరావు మెష్ మానేశాడు. చెడిపోతే చెడిపోనీ, తోడల్లుడు తలవంచితే చాలన్నదే వీరబాబు కోరిక. అలాంటి కోరికను నేను అసహ్యించుకుంటాను.

మినుము పీకే రోజులొచ్చాయి. ముక్తేశ్వరం నుంచి వస్తూ జీపు టకటకలాడి ఆగింది. తాడు కట్టి లాక్కొచ్చారు. కూలర్ నిండా పొట్టు అట్టకట్టి ఉంది, పిస్టనుకు బెజ్జం పడింది.

రాజుగారు రోడ్డు మీదే ప్రకాశరావును దులిపేశారు. "రేపట్నుంచి నువ్వీ షెడ్లో ఉంటే మా వాళ్ళ బండి ఒక్కటి కూడా ఇటు రాదు."

వాళ్ళ బళ్ళు రాకపోతే షెడ్డు లేదు. షెడ్డు వదిలితే ప్రకాశరావుకు బతుకు లేదు. అతని మొహం పాలిపోయింది. "మెష్ కడదామన్నానండి. అన్నయ్యగారు వద్దన్నారండి."

"నన్నెప్పుడడిగేవు?" అన్నాడు వీరబాబు. అబద్ధమాడుతున్నా గొంతు తగ్గలేదు.

ఆ పూటా క్యారేజీ తెచ్చిన వీరదుర్గ షెడ్డు గుమ్మం దిగి వచ్చింది. "అడిగేడండి రాజుగారూ. నేనక్కడే ఉన్నానండి. ఈయనే వద్దన్నారండి."

వీరబాబు ఆవిడ మీదికి చెయ్యెత్తాడు. రాజుగారు చూస్తున్నారని దించాడు.

రాజుగారు ప్రకాశరావు వైపు తిరిగారు. "ఆ నీళ్ళ కూలరేదో నువ్వే పెట్టు."

"ఆయ్," అన్నాడు ప్రకాశరావు.

వీరబాబు చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ముక్తేశ్వరంలో నీటి మోటార్లు బాగుచేస్తున్నాడు. జీపు మినప కళ్ళాల మీదుగా నిక్షేపంగా తిరుగుతోంది. దాన్ని చూసి మెచ్చుకున్న ప్రతివాడితోనూ రాజుగారు ప్రకాశరావు బుర్రే బుర్రంటారు. ఆ నీళ్ళ కూలర్ ఆలోచన తనదని చెప్పుకోవాలని వీరబాబుకు ఉండదా? ఉంటుంది. కానీ అది చెప్పుకోవాలంటే, మెష్ ఎందుకు వద్దన్నాడో కూడా చెప్పాలి.